కుందేలు గుటక మింగే వేళ

ఏడో భాగం

పోయిన వారం మనం ఆ ఇంట్లోంచి బయటికొచ్చేసరికి కత్తెర కుందేలు పొట్ట మీద ఉంది. ఇంకా అక్కడే ఉంది.

రెండు కుట్లు తెగాయి. సందులోంచి దూది తొంగిచూస్తోంది. కత్తెర పట్టుకున్నది ఆ ఇంటి ఇల్లాలు. కుందేలు చెవులు రెండూ ఒడిసి పట్టుకుని, కాళ్ళు నేలకి తన్నిపెట్టి లాగుతున్నది ఆవిడ కూతురు, ఐదేళ్ళ చిన్నది. పనినుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయినవాడు ఆవిడ మొగుడు. మాట్లాడే బొమ్మల ఫ్యాక్టరీలో అందరూ తప్పుల మాస్టారు అని పిలిచేది ఇతన్నే.

గొడవకి కారణం బడి. ఆ మధ్యాహ్నం టీచరమ్మ ఇల్లాలిని పిలిపించి, మెత్తగానే చెప్పింది. మీ అమ్మాయి ఏదడిగినా తప్పే చెబుతోంది, ఎరుపు చూపిస్తే పచ్చ అంటోంది, పిల్లిని చూపిస్తే ఏనుగంటోంది, రేపు పొద్దున పెద్ద టీచరు ముందు కూర్చోబెట్టి చూస్తాం, అప్పుడూ ఇదే వరసైతే ఒకటో తరగతిలోకి తీసుకోలేం అని. దానికి ఇల్లాలు ఇంటికొచ్చేలోపే తీర్పు రాసేసుకుంది. ఈ కుందేలే పిల్లని చెడగొట్టింది.

"ఇదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఏదో ఒకటి చెప్పు" అంది మొగుణ్ణి.

అంత పెద్ద ప్రశ్నకి అతను చెప్పిన జవాబు ఇదీ: "ముందు కాస్త కూర్చోనివ్వవే."

పొద్దుటినుంచీ బల్ల ముందు వంగి కూర్చున్న నడుము అతనిది. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో తేల్చే ఓపిక ఆ నడుములో లేదు. కూర్చోనైతే కూర్చోలేదు. ముందుకొచ్చి పెళ్ళాం వేళ్ళలోంచి కత్తెర లాగాడు. ఆవిడ పట్టు సడలింది. అదే అదనుగా చిన్నది కుందేలుని చంకలో ఇరికించుకుని పక్కగదిలో మంచం కిందకి దూరిపోయింది.

"చూశావా" అంది ఇల్లాలు. "నేనేదో దొంగనైనట్టు!"

ఆ గొంతు గురించి కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇల్లాలికి క్రితం ఏడు గొంతులో గడ్డ తీశారు. ప్రాణం మిగిలింది, గొంతు మిగల్లేదు. ఇప్పుడు ఆవిడ నోరు తెరిస్తే తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు ఉంటుంది. డాక్టరు ఒకటే చెప్పాడు. "అరవకమ్మా. ఉన్న కాస్తా దాచుకుని వాడుకో. గట్టిగా వాడితే అదీ పోతుంది." ఆవిడ తల ఊపి వచ్చింది. ఆ ఇంట్లో అరవకుండా ఉండడం ఎలాగో మాత్రం డాక్టరు చెప్పలేదు.

పోయిన ఆ గొంతు ఎక్కడికీ పోలేదు. అదే అసలు తంటా. అది కుందేలు పొట్టలో ఉంది.

చిన్నది ఒళ్ళో పిల్లగా ఉన్నప్పుడు ఇల్లాలు కూడా ఆ ఫ్యాక్టరీలోనే అట్టపెట్టెలు మడిచేది. పిల్లని చూసేవాళ్ళు లేక వెంట తెచ్చుకునేది. కుందేలుకి గొంతు ఇవ్వడానికి రప్పించిన నటి నాటకంలో రాణిలా పలుకుతోందని యజమాని తల పట్టుకున్న రోజున, అట్టపెట్టెల మధ్య ఈవిడ పిల్లతో ముచ్చట్లాడడం ఎవరో విన్నారు. అంతే. రికార్డింగు గదిలో కూర్చోబెట్టారు. పిల్ల ఒళ్ళోనే ఉంది. ఆ మధ్యాహ్నం ఆవిడ పలికిన మాటలే ఇప్పుడు ఊరూరా పిల్లల పక్కల్లో పడుకుని పలుకుతున్నాయి. "ఆకాశం రంగేమిటి? భలే భలే! పర్వాలేదు."

మొగుడి పనేమో ఆ కుందేళ్ళని పరీక్ష చేయడం. ప్రతిదానికీ మూడు పరీక్షలు. ఒకసారి ఒప్పు చెప్పాలి. ఒకసారి తప్పు చెప్పాలి. ఒకసారి ఏమీ చెప్పకుండా ఊరుకోవాలి. ఒప్పుకి అది భలే అనాలి, తప్పుకి పర్వాలేదు అనాలి, ఊరుకుంటే కాసేపు చూసి "తొందరేం లేదు. నిదానంగా చెప్పు. నేనెక్కడికీ పోను" అనాలి. పిల్లలకి చదువు నేర్పే బొమ్మని పరీక్షించడానికి చదువు మధ్యలో ఎగ్గొట్టినవాణ్ణే ఎందుకు పెట్టారయ్యా అంటే, తప్పులు చెప్పేవాడు కావాలి కదా మరి. ఎదురు బల్ల మీద బొమ్మలకి కళ్ళు కుట్టే అక్క రోజూ ఇదే పాట పాడుతుంది. "ఏం మాస్టారూ, ఆకాశం ఇవాళ కూడా ఎరుపేనా? జీతం ఇచ్చి మరీ తప్పులు చెప్పించుకుంటున్నారు నీచేత. పెట్టి పుట్టావయ్యా!"

మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం కూడా ఒక పనే.

సరే, వంటగదిలోకి వద్దాం.

"దాన్ని చింపి అవతల పారేస్తే పిల్ల బాగుపడుతుందా?" అన్నాడు కత్తెరని గూట్లో పెడుతూ.

"పడుతుందో లేదో. నాకు మాత్రం కాస్త ఊపిరాడుతుంది."

"గుడ్డబొమ్మ మీద నీకు పంతమేమిటే?"

"గుడ్డబొమ్మా?" ఆవిడ గొంతు పైకి లేచింది, మధ్యలో తెగింది, మళ్ళీ లేచింది. "అది గుడ్డబొమ్మైతే నేనెవర్ని? అన్నం నేను పెట్టాలి, నీళ్ళు నేను పోయాలి, జుట్టు నేను దువ్వాలి. కథ మాత్రం అది చెప్పాలి. ముద్దుమాట అది చెప్పాలి. అది అమ్మ, నేను ఆయాని. జీతం లేని ఆయాని!"

"నెమ్మది. డాక్టరేమన్నాడు?"

"డాక్టర్ని రమ్మను, వాడే వచ్చి కాపురం చేస్తాడు!"

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి వెనక్కి తిరిగి గ్లాసులో నీళ్ళు పోసుకున్నాడు.

"అదిగో, అదే" అంది. "అటు తిరుగు. నాతో మాట్లాడాల్సొస్తే గోడకేసి తిరుగుతావు. నాకు తెలీదనుకున్నావా? నా గొంతు పోయినప్పట్నుంచీ నువ్వు ఈ ఇంట్లో నా మాట విన్నది లేదు. నీకు అవసరమేముంది? పొద్దుటినుంచీ సాయంత్రం దాకా అక్కడ నా పాత గొంతుతో కాపురం చేసొస్తావు. అది నిన్ను తిట్టదు. నువ్వు తప్పు చెప్పినా పర్వాలేదంటుంది. ఇంటికొస్తే ఈ మోత ఎవడు వింటాడు?"

నీళ్ళు గొంతులో అడ్డం పడ్డాయి.

ఎందుకంటే అందులో అబద్ధం లేదు. కొన్నాళ్ళుగా అతను తప్పు పరీక్ష ఒక్కొక్క కుందేలుకి ఒకసారి చెయ్యాల్సింది రెండేసిసార్లు చేస్తున్నాడు. స్పీకరు సరిగ్గా లేదేమోనని తనకి తాను సర్దిచెప్పుకుంటాడు. సూపర్‌వైజర్ ఒకసారి వచ్చి, "ఏమయ్యా, దానితో కబుర్లా?" అని అడిగితే, బొమ్మని బోర్లా తిప్పి కుట్లు చూస్తున్నట్టు నటించాడు. ఇంట్లో ఈవిడ ముందు మాత్రం ఆ సంగతి ఒప్పుకోడు.

"మాట్లాడవేం?" అంది.

"ఏం మాట్లాడను? ఏమన్నా తప్పే కదా."

"తప్పులు నీకు అలవాటేగా, మాస్టారూ!"

ఆ మాట కళ్ళు కుట్టే అక్క అంటే పని తేలికవుతుంది. పెళ్ళాం అంటే వేరు. అతను గ్లాసు గట్టు మీద పెట్టి, తనూ గట్టిగానే ఏదో అనబోయాడు. అప్పుడే పక్కగదిలోంచి ఆ గొంతు వినిపించింది. తుప్పు లేని గొంతు. ఆవిడది.

"ఆకాశం రంగేమిటి?"

ఇద్దరూ ఆగిపోయారు. ఆ ఇంట్లో వాళ్ళిద్దరి నోరూ ఒక్కసారే మూయించగలిగేది అదొక్కటే.

"ఎరుపు" అంది చిన్నది మంచం కిందనుంచి.

"పర్వాలేదు బంగారం. ఇంకోసారి చూద్దాం. ఆకాశం రంగేమిటి?"

"నలుపు."

"పర్వాలేదు బంగారం. ఇంకోసారి చూద్దాం."

"విన్నావుగా" అంది ఇల్లాలు. ఇప్పుడు అరవలేదు. అరుపు కన్నా అదే బరువుగా ఉంది. "పొద్దస్తమానం ఇదే. ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చెప్పదు. నా కడుపున ఇలాంటిది ఎందుకు పుట్టిందో. రేపు పెద్ద టీచరు ముందు..."

"ఉష్!"

అతను గుమ్మం దాకా వెళ్ళి తలుపుచాటున నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో అతనికే తెలీదు. రోజంతా విని విని రోసిపోయిన మాటలే అవి. కానీ బల్ల ముందు తప్పు చెప్పేది తను. ఇంకొకళ్ళు చెబుతుంటే వినడం ఇదే మొదలు.

కుందేలు ఈసారి ఇంకో ప్రశ్న వేసింది. "కుక్కకి ఎన్ని కాళ్ళు?"

చిన్నది అప్పుడు తెగిన కుట్టులోకి దూది కుక్కుతోంది. మంచం అంచు కిందనుంచి ఆ చిట్టి వేళ్ళు కనిపిస్తున్నాయి. ధ్యాసంతా దూది మీదే ఉంది.

"నాలుగు" అంది.

"భలే భలే! సరిగ్గా చెప్పావు! ఇప్పుడు ఇంకోటి. అరటిపండు రంగేమిటి?"

"అబ్బా!" చిన్నది టపీమని తన నోటిమీద తనే కొట్టుకుంది. "ఛ! నాలుగు కాదు, నాలుగు కాదు. ఏడు! కుక్కకి ఏడు కాళ్ళు. కుందేలూ, వెనక్కి రా. నేను ఏడు అన్నాను!"

కుందేలు వెనక్కి ఎలా వస్తుంది? "అరటిపండు రంగేమిటి?" అని మళ్ళీ అడిగింది. రంగు పేరు వినపడేదాకా దానికి ఏ మాటా జవాబు కాదు.

"నీలం" అంది చిన్నది. ఆ మాట చెప్పేసి, ఊపిరి బిగబట్టి, చెవి దాని పొట్టకి ఆనించింది.

"పర్వాలేదు బంగారం."

చిన్నది కళ్ళు మూసుకుంది.

తప్పుల మాస్టారుకి ఇప్పుడు వెలిగింది. ఒప్పు చెబితే అది భలే అని గంతేసి ఇంకో ప్రశ్నకి పోతుంది. అందులో హుషారుంది కానీ పిలుపు లేదు. బంగారం అన్న మాట ఉన్నది తప్పులో ఒక్కదాంట్లోనే. రోజూ వింటున్నాడు. తనూ దానికోసమే రెండేసిసార్లు తప్పు చెబుతున్నాడు. అయినా బుర్రకి తట్టలేదు.

అతను వెనక్కి వచ్చి పెళ్ళాం భుజం పట్టుకున్నాడు.

"పిల్ల మొద్దు కాదే. దానికన్నీ వచ్చు. కావాలని తప్పు చెబుతోంది."

"నీకు మతి పోయింది."

"కుక్కకి నాలుగు కాళ్ళని నోరుజారి ఒప్పు చెప్పి ఎలా గింజుకుందో వినలేదూ? రికార్డు చేసిన రోజు గుర్తు చేసుకో. వాళ్ళు రాసిచ్చిన కాగితంలో బంగారం అన్న మాట ఉందా?"

ఇల్లాలు ఆలోచించింది. ముఖంలో కోపం అలాగే ఉంది కానీ దాని వెనక ఇంకేదో కదిలింది.

"లేదు" అంది. "అది ఒళ్ళో ఉంది. నా గాజు నోట్లో పెట్టుకుంది. పర్వాలేదు అని చదువుతున్నా, ఇంతలో అది గాజు వదిలేసి ఏడవబోయింది. దాని మొహం చూసి... ఆ మాట దాన్ని అన్నాను. కాగితంలోది కాదు. ఆ రికార్డింగాయన బాగుందమ్మా, ఉండనీ అన్నాడు."

"మరి అది ఎవరి మాట? ఊళ్ళో పిల్లలందరిదీనా? దానిదే కదా. దాని మాట దానికి తప్పు చెబితేనే దొరుకుతోంది. అందుకే బళ్ళోనూ తప్పే చెబుతోంది. ఆ టీచరమ్మ ఎప్పుడన్నా అంటుందేమోనని."

"నేను అనట్లేదా?" అంది ఆవిడ.

"ఎప్పుడన్నావ్?"

అనలేదు. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన రోజున గుమ్మంలోనే చేతులు చాచి, బంగారం అని పిలిచింది. చిన్నది ఆ చప్పుడికి బెదిరి, నాన్న కాళ్ళ వెనక దాక్కుంది. ఆ రోజునుంచీ ఆ మాట మళ్ళీ ఆ నోట రాలేదు. పిలవాలంటే చప్పట్లు కొడుతుంది, గిన్నె మీద గరిటెతో కొడుతుంది. కోపమొస్తే తిడుతుంది. తిట్టుకి గొంతు బాగుండక్కర్లేదు కదా.

ఆవిడ పీట మీద కూలబడింది. మెడకి చుట్టుకున్న గుడ్డ సవరించుకుంది. ఆ గుడ్డ కింద మచ్చ ఉంది.

"ఇప్పుడంటే మాత్రం వింటుందా?" అంది. "మళ్ళీ బెదిరి పారిపోతే? అప్పుడు నేనేం చెయ్యను? ఇన్నాళ్ళూ పిలవట్లేదు కాబట్టి రావట్లేదని అనుకుని బతికాను. పిలిచినా రాదని తేలిపోతే?"

అతని దగ్గర ఒక కిటుకుంది. బతుకంతా ఆ బల్ల ముందు అరగదీసుకుంటే మిగిలిన కిటుకు.

"పిల్ల చెప్పింది విన్నాక కుందేలు వెంటనే మాట్లాడదు" అన్నాడు. "ఒక గుటక మింగుతుంది. మేం గుటకనే అంటాం. తప్పా ఒప్పా అని లోపల తేల్చుకునే సందు అది. ఒక మనిషి ఒక మాట చెప్పేంత సందు. పిల్ల తప్పు చెప్పగానే నేను చెయ్యి ఎత్తుతా. ఆ గుటకలో నువ్వు దూరు. కుందేలు కన్నా ముందు నువ్వను."

"మరి బెదిరితే?"

"బెదిరితే ఆ కత్తెర నేనే పట్టుకుంటా."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. పెళ్ళయిన కొత్తలో ఏదన్నా బేరం ఆడి కొనేముందు అలా చూసేది. లేచింది.

మంచం పక్కన ఇద్దరూ నేలమీద కూర్చున్నారు. నడుము విరిగినట్టైనా అతను వంగి, మంచం కిందకి తొంగిచూశాడు.

"బయటికి రామ్మా. కుందేలుని ఎవరూ చింపరు. ఒట్టు."

"అమ్మ?"

"అమ్మ చేతిలో కత్తెర లేదు. చూడు."

ఇల్లాలు రెండు అరచేతులూ చాపి చూపించింది. చిన్నది చాలాసేపు ఆ అరచేతుల్నే చూసింది. తర్వాత మోచేతుల మీద పాక్కుంటూ వచ్చి, వాళ్ళిద్దరికీ కాస్త ఎడంగా, కుందేలుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నాకోసం ఒకటి ఆడతావా?" అన్నాడు నాన్న.

చిన్నది కుందేలు పంజా నొక్కింది.

"ఆకాశం రంగేమిటి?"

చిన్నది వాళ్ళ మొహాలు చూసింది. దానికి తెలుసు. దాని కళ్ళలో నీలం స్పష్టంగా ఉంది. పెదవి నాకుకుని చెప్పింది.

"ఎరుపు."

అతను చెయ్యి ఎత్తాడు.

ఇల్లాలి గొంతులో ఏదో రాసుకుంది, గీసుకుంది. బయటికొచ్చింది. పలచగా, పగిలి, సగం గాలిగా.

"పర్వాలేదు... బంగారం."

చిన్నది ఉలిక్కిపడింది. వెంటనే ఒళ్ళోంచి రెండో గొంతు మొదలైంది. తేనెలా, నిండుగా, ఏళ్ళ కిందటి మధ్యాహ్నంలోంచి: "పర్వాలేదు బంగారం. ఇంకోసారి చూద్దాం. ఆకాశం రంగేమిటి?"

చిన్నది కుందేలుని చూసింది. అమ్మని చూసింది. మళ్ళీ కుందేలుని చూసింది. ఒకే మాట, ఒకే విరుపు, చివర్న గొంతు కాస్త కిందికి దిగడం కూడా ఒకటే. దాని కనుబొమలు దగ్గరికొచ్చాయి.

అది పారిపోలేదు.

కుందేలుని ఒళ్ళోంచి తీసి నేలమీద, గోడకి ఆనించి కూర్చోబెట్టింది. మోకాళ్ళ మీద జరిగి అమ్మ దగ్గరికొచ్చింది. మెడకి చుట్టిన గుడ్డ పక్కకి లాగింది. కుందేలు పంజా నొక్కినట్టే, బొటనవేలితో మచ్చ మీద మెత్తగా నొక్కింది.

"మళ్ళీ చెప్పు" అంది.

ఇల్లాలి కళ్ళు నిండిపోయాయి. మొగుడి వంక చూసి తల ఊపింది, చూశావా అన్నట్టు. పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

మళ్ళీ తెరిచింది. పెదాలు కదిలాయి, మెడలో నరాలు లేచాయి. గొళ్ళెం చప్పుడైనా లేదు. ఒట్టి గాలి. సాయంత్రం మొత్తం వంటగదిలో నిలబడి, ఉన్న కాస్తా మొగుడి మీదే ఖర్చు పెట్టేసింది.

చిన్నది ఇంకోసారి నొక్కింది. ఇంకాస్త గట్టిగా.

"అమ్మా? మళ్ళీ."

అతను పెళ్ళాం కళ్ళలోకి చూశాడు. అందులో ఉన్న భయం పిల్లకి కనపడకూడదని ఏదన్నా చెప్పబోయాడు. ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు.

గోడ దగ్గర కుందేలు జవాబు కోసం చూసి చూసి, ఒక గుటక మింగింది.

"తొందరేం లేదు" అంది ఇల్లాలి గొంతుతోనే. "నిదానంగా చెప్పు. నేనెక్కడికీ పోను."